డ్యూకులూ... వాళ్లని నిలబెట్టినవాళ్లూ

1950 నవంబరు 26. ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఈస్ట్‌బోర్న్ అనే ఊరు. కాంప్టన్ ప్లేస్ అనే బంగళా ఆవరణలో యాభై అయిదేళ్ల మనిషి ఒకాయన గొడ్డలి పట్టుకుని కట్టెలు కొడుతున్నాడు. కొట్టిపెట్టే పనివాళ్లు లేక కాదు, ఆయనకదో వ్యాపకం. కొడుతూ కొడుతూనే గుండెపోటుతో కూలిపోయాడు. డాక్టరు వచ్చి చూసి, సహజ మరణమేనని కాగితం రాసిచ్చాడు.

పోయినాయన పేరు ఎడ్వర్డ్ కావెండిష్. పదో డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్. కొడుకు ఆండ్రూ అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. తండ్రి పోయాడన్న కబురు వెంటే లాయర్ల లెక్క కూడా వచ్చింది. పెద్దాయన ముందుచూపుతో 1946లోనే ఆస్తుల్ని వారసుల కోసం బదలాయించి పెట్టాడు. అప్పటి చట్టం ప్రకారం ఇచ్చిన మనిషి ఆ తర్వాత అయిదేళ్లు బతికి ఉంటే పన్ను పడదు. ఇంకో పద్నాలుగు వారాలు గడిస్తే ఆ అయిదేళ్లూ నిండేవి. నిండలేదు. ఆస్తి విలువలో 80 శాతం మరణ పన్నుగా కట్టమంది ప్రభుత్వం.

(అన్నట్టు, ఆ ధ్రువపత్రం రాసిన జాన్ బాడ్కిన్ ఆడమ్స్ అనే డాక్టరు మరో కథ. 1957లో ఒక రోగిని హత్య చేశాడన్న కేసులో బోనెక్కి, నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయన చేతిలో పోయిన రోగుల గురించి ఇంగ్లండ్‌లో ఇప్పటికీ పుస్తకాలు వస్తూనే ఉన్నాయి.)

ఈ కుటుంబం గురించి ఇప్పుడెందుకంటే, పుట్టుకతో వచ్చే బిరుదుల మీద బ్రిటన్‌లో మళ్లీ చర్చ మొదలైంది. తాత డ్యూక్ కాబట్టి మనవడు చట్టసభలో కూర్చునే ఆచారం అక్కడ వందల ఏళ్లు నడిచింది. 1999లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం వాళ్లలో అత్యధికుల్ని లార్డుల సభ నుంచి పంపించేసి, రాజీ కోసం 92 మందిని ఉంచింది. ఆ మిగిలినవాళ్లనూ సాగనంపే బిల్లును 2024 సెప్టెంబరులో స్టార్మర్ ప్రభుత్వం తెచ్చింది. సంస్థానాలూ జమీందారీలూ రద్దయి, 1971లో రాజభరణాలు కూడా పోయిన దేశంలో ఉన్న మనకు ఇది కాస్త ఆలస్యంగా నడుస్తున్న వ్యవహారంలా కనిపిస్తుంది.

బిరుదులు చాలా ఉన్నాయి. వాటిలో డెవన్‌షైర్ డ్యూకుల చరిత్ర తిరగేస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ఈ వంశాన్ని కట్టినవాళ్లూ, కాచినవాళ్లూ, దాని పేరు ప్రపంచమంతా తెలిసేలా చేసినవాళ్లూ చాలామంది ఆ బిరుదు ఎన్నడూ మోయనివాళ్లే. కోడళ్లుగా వచ్చినవాళ్లు, జీతానికి కుదిరినవాళ్లు, వాటాకు రాని చిన్న శాఖల పిల్లలు. ఆ ఇంటిపేరు మోసే పండు ఒకటి రోజూ మన బజార్లలో గెలలు గెలలుగా వేలాడుతోంది కూడా.

నలుగురు మొగుళ్లు, ఒక పట్టుదల

డెర్బీషైర్ కొండల్లో ఓ మామూలు భూస్వామి ఇంట 1520లలో పుట్టింది ఎలిజబెత్ హార్డ్‌విక్. చరిత్రకు ఆమె 'బెస్'. పెద్ద కట్నం లేదు, పెద్ద చుట్టరికాలూ లేవు. మొదటి భర్త కుర్రతనంలోనే పోయాడు. 1547లో సర్ విలియం కావెండిష్‌ను పెళ్లాడింది. ముహూర్తం రాత్రి రెండు గంటలకు! ఆయన రాజుగారి ఖజానాలో ఉద్యోగి. ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాల్ని మూయించి వాటి భూముల్ని స్వాధీనం చేసుకున్న రోజుల్లో, ఆ పని చేసిపెట్టిన అధికారుల్లో ఒకడు. అలాంటి పనిలో ఉన్నవాడి చేతికి తడి అంటకుండా ఉంటుందా! బాగా వెనకేశాడు.

వెనకేసినదాంతో ఏం చేయాలో నిర్ణయించింది బెస్సే. ఎక్కడో దక్షిణాదిన ఉన్న భూములు అమ్మించి, తన పుట్టింటికి దగ్గర్లో, డెర్వెంట్ నది ఒడ్డున చాట్స్‌వర్త్ అనే భూమిని 1549లో 600 పౌండ్లకు కొనిపించింది. 1552లో ఇల్లు మొదలైంది. 1557లో భర్త పోయేసరికి ఆమె ఒళ్లో పసిపిల్లలు, నెత్తిన ఖజానా లెక్కల్లో తేలిన 5,000 పౌండ్లకు పైబడ్డ బాకీ. అంతటి కష్టంలోనూ ఆమె ఆ ఇల్లు అమ్మలేదు.

మూడో భర్త ఎలిజబెత్ రాణి అంగరక్షక దళం కెప్టెన్. పోతూ పోతూ తన ఆస్తి మొత్తం ఆమెకే రాసిపోయాడు. నాలుగో భర్త ష్రూస్‌బరీ ఎర్ల్, దేశంలోని మహా సంపన్నుల్లో ఒకడు. ఆ సంబంధం కుదుర్చుకున్నప్పుడు బెస్ తన పెళ్లి ఒక్కటే చూసుకోలేదు. 1568లో తన పన్నెండేళ్ల కూతుర్ని ఎర్ల్ కొడుక్కీ, తన కొడుకుని ఎర్ల్ ఎనిమిదేళ్ల కూతురికీ ఇచ్చి చేసింది. కుండ మార్పిడి పెళ్లిళ్లు మన ఊళ్ల ప్రత్యేకత అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. ఒకే దెబ్బకు రెండు ఆస్తుల చుట్టూ మూడు ముళ్లు పడ్డాయి.

మరుసటేడే అసలు తలనొప్పి మొదలైంది. స్కాట్లండ్ నుంచి పారిపోయి వచ్చిన మేరీ రాణిని బందీగా కాపాడే బాధ్యతను ఎలిజబెత్ రాణి ష్రూస్‌బరీ ఎర్ల్‌కు అప్పగించింది. రాణి కదా, పరివారంతో వచ్చింది. కూడూ గుడ్డా, కాపలా, గుర్రాలు... పదిహేనేళ్లపాటు ఖర్చులో చాలా భాగం ఎర్ల్ నెత్తినే పడింది. మేరీ చాట్స్‌వర్త్‌లో పలుమార్లు బందీగా ఉంది. తొలి రోజుల్లో ఇద్దరు ఆడవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని గుడ్డ మీద పూలూ పక్షులూ కుట్టుకునేవారు. ఆ కుట్టుపనులు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత ఎర్ల్‌కూ బెస్‌కూ చెడింది, కాపురం విరిగింది, కేసులు పడ్డాయి. ఎర్ల్ పోయాక డెబ్బయ్యో పడికి దగ్గరపడుతున్న బెస్ హార్డ్‌విక్ హాల్ పేరుతో మరో మహా సౌధం కట్టించింది. అద్దం అంటే బంగారమంత ఖరీదున్న కాలంలో గోడల నిండా కిటికీలు పెట్టించింది. బురుజుల మీద, ఎంత దూరం నుంచి చూసినా కనబడేలా, రాతిలో తన పేరులోని అక్షరాలు చెక్కించింది.

1608లో ఆమె పోయింది. పెద్దకొడుకు తనకొచ్చిన చాట్స్‌వర్త్‌ను తమ్ముడు విలియంకు అమ్మేసుకున్నాడు. ఆ విలియం 1618లో మొదటి జేమ్స్ రాజుకు 10,000 పౌండ్లు చెల్లించి డెవన్‌షైర్ ఎర్ల్ అయ్యాడు. డెవన్ ప్రాంతంతో ఆ కుటుంబానికి ఏ బంధమూ లేదు. వాళ్ల ఇల్లు డెర్బీషైర్‌లో, బిరుదు మూడు వందల కిలోమీటర్ల అవతలి జిల్లా పేరు మీద. ఎర్ల్ నుంచి డ్యూక్ కావడానికి మరో 76 ఏళ్లు పట్టింది. 1688లో రెండో జేమ్స్ రాజును దించేయడానికి హాలండ్ నుంచి విలియంను రమ్మంటూ ఏడుగురు ప్రముఖులు రహస్యంగా సంతకాలు పెట్టిన ఉత్తరం ఒకటుంది. అందులో నాలుగో ఎర్ల్ సంతకమూ ఉంది. విలియం వచ్చాడు, రాజయ్యాడు, 1694లో రుణం తీర్చుకున్నాడు. అలా మొదటి డ్యూక్ పుట్టాడు.

> నిచ్చెన మెట్లు
> బ్రిటన్ ప్రభువుల్లో అయిదు అంతస్తులు. పైనుంచి కిందికి: డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్. డెవన్‌షైర్ డ్యూక్ బతికుండగా ఆయన పెద్దకొడుకుని మర్యాదకు హార్టింగ్‌టన్ మార్క్వెస్ అనీ, ఆ కొడుకు కొడుకుని బర్లింగ్‌టన్ ఎర్ల్ అనీ పిలుస్తారు. డ్యూక్ బిరుదు మగపిల్లలకే. మగ సంతానం లేకపోతే తమ్ముడికో, అన్నదమ్ముల కొడుక్కో పోతుంది తప్ప కూతురికి రాదు. బిరుదు ఎన్నిసార్లు పక్కదారి పట్టినా ఈ నిబంధన మాత్రం మారలేదు.

ప్లాసీ నాటి ప్రధాని

మధ్యలో కొందరు డ్యూకుల్ని గబగబా దాటేయొచ్చు. నాలుగో డ్యూక్ దగ్గర మాత్రం క్షణం ఆగాలి. ఆయన బర్లింగ్‌టన్ ఎర్ల్ కూతురు షార్లట్‌ను పెళ్లాడాడు. ఆమెతోపాటు లండన్ పక్కన చిజిక్ హౌస్, యార్క్‌షైర్‌లో బోల్టన్ ఆబీ, ఐర్లండ్‌లో లిస్మోర్ కోట ఈ ఇంటికి వచ్చాయి. పుట్టింటి సారె అంటే అదీ! 1756 నవంబరులో ఆయన ప్రధాని అయ్యాడు. ఏడు నెలల ముచ్చట. 1757 జూన్ 23న ప్లాసీలో క్లైవ్ సిరాజుద్దౌలాను ఓడించిన రోజున బ్రిటన్ ప్రధాని పదవిలో సాంకేతికంగా ఉన్నది ఈయనే. ఓడల మీద ఆ వార్త లండన్ చేరేసరికి ఆయన దిగిపోయి నెలలు దాటింది.

ఆయన కొడుకు అయిదో డ్యూక్. 1774లో స్పెన్సర్ ఇంటి పిల్ల జార్జియానాను చేసుకున్నాడు. రెండు శతాబ్దాల తర్వాత యువరాణి డయానా పుట్టింది కూడా ఆ స్పెన్సర్ల ఇంట్లోనే. పెళ్లినాటికి జార్జియానాకు పదిహేడేళ్లు. లండన్ ఆమె వెంటపడింది. తలమీద పొడవాటి ఈకలు పెట్టుకుంటే నగరం ఆడవాళ్లంతా పెట్టుకున్నారు. 1784 ఎన్నికల్లో చార్లెస్ ఫాక్స్ కోసం వీధుల్లో తిరిగి ఓట్లడిగింది. ఓటుకో ముద్దిచ్చిందని ప్రత్యర్థుల కార్టూన్లు హోరెత్తించాయి. బయట ఇంత వెలుగు. ఇంట్లో భర్త ఉలకడు, పలకడు. వారసుడేడీ అన్న ఒత్తిడి పదహారేళ్లు నడిచింది. 1790లో గానీ మగబిడ్డ పుట్టలేదు. ఈలోగా స్నేహితురాలిగా ఇంటికొచ్చిన లేడీ ఎలిజబెత్ ఫాస్టర్ అక్కడే స్థిరపడి డ్యూక్‌కు పిల్లల్ని కన్నది. ముగ్గురూ ఒకే కప్పు కింద. జార్జియానా జూదంలో పోగొట్టుకున్నది ఎంతో ఆమెకే తెలియదు, తెలిసినా భర్తకు పూర్తిగా చెప్పేది కాదు. తర్వాత ప్రధాని అయిన చార్లెస్ గ్రే వల్ల ఆమెకూ ఒక బిడ్డ పుట్టింది. దానికి శిక్షగా డ్యూక్ ఆమెను విదేశాలకు పంపి, పిల్లల్ని దూరం చేశాడు. తను చేసిన పనికి మాత్రం ఏ శిక్షా లేదు. 1806లో ఆమె పోయాక ఎలిజబెత్ ఫాస్టర్‌నే పెళ్లి చేసుకున్నాడు.

> పోయి దొరికిన డచెస్
> గెయిన్స్‌బరో గీసిన జార్జియానా చిత్రాన్ని 1876లో లండన్ గ్యాలరీ నుంచి ఆడమ్ వర్త్ అనే గజదొంగ కోసుకుపోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే ఆ గ్యాలరీ దాన్ని 10,000 గినీలకు వేలంలో కొంది. దొంగ దాన్ని అమ్మలేదు. పాతికేళ్లు తన దగ్గరే దాచుకుని 1901లో షికాగోలో డిటెక్టివ్‌ల ద్వారా తిరిగిచ్చాడు. 1994లో 11వ డ్యూక్ వేలంలో పాడుకుని చాట్స్‌వర్త్‌కు తీసుకెళ్లాడు.

తెల్లారేసరికి గోడ దూకిన తోటమాలి

జార్జియానా ఎదురుచూసి కన్న ఆ కొడుకే ఆరో డ్యూక్. పెళ్లి చేసుకోలేదు. చెవులు సరిగా వినపడవు. లండన్ దగ్గర చిజిక్‌లో ఆయన తోట పక్కనే హార్టికల్చరల్ సొసైటీ తోట. అక్కడ గేటు తీసే కుర్రాడు ఒకడు తనకు అర్థమయ్యేలా స్పష్టంగా మాట్లాడతాడు. రైతు కూలీ ఇంట పుట్టినవాడు. పేరు జోసెఫ్ పాక్స్‌టన్. 1826లో డ్యూక్ అతణ్ని చాట్స్‌వర్త్‌కు పెద్ద తోటమాలిగా వేసి, తాను రష్యాలో జార్ నికోలస్ పట్టాభిషేకానికి బయల్దేరి వెళ్లిపోయాడు.

కొత్త ఉద్యోగంలో తన మొదటి పొద్దు ఎలా గడిచిందో పాక్స్‌టనే తర్వాత చెప్పుకున్నాడు. బండి దిగేసరికి తెల్లవారుజాము నాలుగున్నర. ఎవరూ లేవలేదు. గ్రీన్‌హౌస్ గేటెక్కి లోపలికి దూకాడు. తోటంతా కలియతిరిగాడు. ఆరింటికి పనివాళ్లు రాగానే పని పురమాయించాడు. నీళ్ల ఆటలు వేయించి చూశాడు. ఆపైన ఇంటి పెత్తనం చూసే ఆవిడ దగ్గర ఫలహారానికి కూర్చున్నాడు. ఆవిడతోపాటు మేనకోడలు శారా కూడా ఉంది. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇదంతా తొమ్మిదింటి లోపే! ఏడాది తిరక్కుండా పెళ్లయింది. పాక్స్‌టన్ ఊళ్లు తిరుగుతుంటే తోట లెక్కలూ ఇంటి లెక్కలూ చూసింది శారాయే.

ఆ తర్వాత ముప్పయ్యేళ్లలో డ్యూక్ డబ్బు, పాక్స్‌టన్ బుర్ర కలిసి ఏం చేశాయో చెప్పాలంటే పుస్తకం కావాలి. 277 అడుగుల పొడవున అద్దాల మందిరం లేచింది. దాని వేడి కోసం బొగ్గు సొరంగంలోంచి వచ్చేది. 1843లో విక్టోరియా రాణి దాని నడుమ నుంచి గుర్రపు బగ్గీలో వెళ్లింది. 1844లో రష్యా జార్ వస్తాడని ఆరు నెలలు రాత్రింబవళ్లు తవ్వించి, నీళ్లను 90 మీటర్ల ఎత్తుకు చిమ్మే ఫౌంటెన్ కట్టారు. జార్ రాలేదు. ఫౌంటెన్‌కు 'ఎంపరర్' అన్న పేరు మాత్రం మిగిలింది. అమెజాన్ నదిలో పెరిగే రాక్షస కలువను 1849లో బ్రిటన్‌లో తొలిసారి పూయించింది పాక్స్‌టనే. తన చిన్నకూతురు ఆనీని దాని ఆకు మీద నిలబెట్టి, బరువు ఎలా మోస్తోందో ఆకు అడుగున ఈనెలు చూసి గ్రహించాడు. 1851 లండన్ మహా ప్రదర్శన కోసం ఆయన కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ వెనక ఆ ఈనెల లెక్కే ఉంది.

మొక్కల పిచ్చి భారతదేశం దాకా వచ్చింది. 1835లో జాన్ గిబ్సన్ అనే తోటమాలి కుర్రాణ్ని కలకత్తాకు ఓడెక్కించారు. అతను ఖాసీ కొండలెక్కి ఆర్కిడ్లు ఏరాడు. ఎర్రటి పూలతో గుత్తులుగా వేలాడే ఆమ్‌హెర్స్టియా మొక్కను ప్రాణంతో ఇంగ్లండ్ చేర్చాడు. డ్యూక్ దాని ముందు కూర్చుని ఫలహారం చేసేంత సంబరపడ్డాడు. పాపం, ఆ మొక్క ఆయన బతికుండగా చాట్స్‌వర్త్‌లో పూయలేదు.

తాడిపత్రి దాకా వచ్చిన ఇంటిపేరు

ఆ అద్దాల గదుల్లో ఇంకో మొక్క ఉంది. మూలం దక్షిణ చైనా. మారిషస్ మీదుగా ఇంగ్లండ్ చేరిన పొట్టి అరటి. పాక్స్‌టన్ 1830 ప్రాంతంలో దాన్ని సంపాదించి, వెచ్చటి గదిలో ఒండ్రు మట్టి, పశువుల ఎరువు వేసి పెంచాడు. 1835 నవంబరులో పువ్వు పడింది. మరుసటి మే నెలకు గెలలో నూరు కాయలకు పైనే. దానికి యజమాని ఇంటిపేరు పెట్టి మూసా కావెండిషీ అన్నాడు. పెంచినవాడి పేరు పెట్టి ఉంటే ఇవాళ మనం పాక్స్‌టన్ అరటి అనుకునేవాళ్లం.

చాట్స్‌వర్త్ పిలకల్ని జాన్ విలియమ్స్ అనే మిషనరీ 1838లో సముద్రం మీద సమోవాకు పట్టుకెళ్లాడు. ఏడాది తిరిగేసరికి ఆయన మరో ద్వీపంలో స్థానికుల చేతుల్లో హతమయ్యాడు. పిలక బతికింది. పసిఫిక్ దీవులన్నిటా పాకింది.

అయినా చాలాకాలం అది పెరటి చెట్టే. ఎగుమతి అంటే గ్రోస్ మిషెల్ అనే వేరే రకం. దాన్ని పనామా తెగులు మధ్య అమెరికా తోటల్లో తుడిచిపెట్టేసింది. 1950లు, 60లలో కంపెనీలు దిక్కులేక తెగులుకు తట్టుకునే కావెండిష్‌కు మారాయి. ఇప్పుడు ప్రపంచ మార్కెట్లో దేశాలు దాటే అరటి దాదాపు అంతా ఈ కుటుంబానిదే.

మన తోటల్లో దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. పొట్టి పచ్చ అరటి, పెద్ద పచ్చ అరటి, టిష్యూ కల్చర్ నారుతో వచ్చే జీ-9... అన్నీ కావెండిష్ శాఖలే. చక్కెరకేళి, అమృతపాణి, కర్పూరం వేరు. అనంతపురం, పులివెందుల వైపు డ్రిప్ పైపుల కింద వేల ఎకరాల్లో నిలబడ్డవి జీ-9 తోటలు. తాడిపత్రి నుంచి రైలు కంటెయినర్లలో ముంబై రేవుకు, అక్కణ్నుంచి గల్ఫ్‌కు వెళ్లేవీ అవే. రుచి దగ్గర నా ఓటు చక్కెరకేళికే. కానీ చక్కెరకేళి అంత దూరం ఓడ ప్రయాణం తట్టుకోదు.

> ఒకే మొక్క, ఒకే ప్రమాదం
> కావెండిష్‌కు విత్తనం లేదు. పిలక నుంచీ, ల్యాబ్‌లో కణజాలం నుంచీ పెరిగిందే. అంటే తోటలోని మొక్కలన్నీ జన్యుపరంగా ఒకే మొక్క నకళ్లు. ఒకదానికి సోకే తెగులు అన్నిటికీ సోకుతుంది. పనామా తెగులులోనే 'టీఆర్-4' అనే కొత్త రకం ఇప్పుడు కావెండిష్‌నూ ఎండబెడుతోంది. బిహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో ఇప్పటికే కనిపించింది. అందుకే బయటి పిలకలు తెచ్చి నాటొద్దని శాస్త్రవేత్తలు పదేపదే చెబుతున్నారు.

భూమిని తూచినవాడు

కావెండిష్ పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కించిన మనిషి డ్యూక్ కాదు. రెండో డ్యూక్ మనవడు. చిన్న శాఖవాడు కాబట్టి బిరుదు దరిదాపుల్లోకి కూడా రాలేదు. హెన్రీ కావెండిష్ (1731-1810) మహా బిడియస్తుడు. పనిమనుషులకు ఏం వండాలో చీటీ రాసి బల్ల మీద పెట్టేవాడు. వాళ్లు ఎదురుపడకూడదని ఇంట్లో వేరే మెట్లు కట్టించుకున్నాడని చెప్పుకుంటారు. ఆయనే 1766లో హైడ్రోజన్‌ను విడిగా గుర్తించాడు. 1798లో సీసపు గుళ్లు, సన్నటి తీగ, ఓ చెక్క కడ్డీతో భూమి సాంద్రత నీటికంటే సుమారు అయిదున్నర రెట్లని తేల్చాడు. తన ఊపిరి వెచ్చదనం తగిలినా లెక్క చెడుతుందని, పరికరాన్ని గదిలో పెట్టి తలుపేసి, గోడలోని కన్నంలోంచి దూరదర్శినితో చూసేవాడు. కనుక్కున్నవాటిలో సగం అచ్చు వేయించనేలేదు.

ఆరో డ్యూక్‌కు పిల్లలు లేకపోవడంతో బిరుదు బంధువుల శాఖకు వెళ్లింది. అలా వచ్చిన ఏడో డ్యూక్ కేంబ్రిడ్జిలో లెక్కల్లో రెండో ర్యాంకరు. తన సొంత సొమ్ముతో 1874లో అక్కడ కావెండిష్ ప్రయోగశాల కట్టించాడు. తొలి ప్రొఫెసర్ మాక్స్‌వెల్. హెన్రీ అచ్చు వేయించకుండా వదిలేసిన కాగితాల్ని కూర్చుని పరిష్కరించింది ఆయనే. ఎలక్ట్రాన్, న్యూట్రాన్, డీఎన్ఏ ఆకారం... అన్నీ ఆ ప్రయోగశాల పేరుతో ముడిపడ్డవే. తీరా ఆ డ్యూక్ ఉక్కు కర్మాగారాల్లో పెట్టిన పెట్టుబడి మునిగి ఇంటిని అప్పులపాలు చేశాడు. ఆయన రెండో కొడుకు లార్డ్ ఫ్రెడరిక్ 1882 మే 6న ఐర్లండ్ మంత్రిగా డబ్లిన్‌లో అడుగుపెట్టిన రోజు సాయంత్రమే ఫీనిక్స్ పార్కులో కత్తిపోట్లకు బలయ్యాడు. పెద్దకొడుకు, ఎనిమిదో డ్యూక్, ప్రధాని పదవిని మూడుసార్లు వద్దనుకున్నాడు. అంతకుముందు 1880 నుంచి 82 దాకా భారత వ్యవహారాల మంత్రిగా ఉన్నాడు. సభలో కునుకు తీయడానికి పేరుమోసినవాడు.

మిట్‌ఫర్డ్ ఇంటి చిన్నమ్మాయి

తిరిగి రెండో ప్రపంచ యుద్ధ కాలానికి వద్దాం. పదో డ్యూక్ పెద్దకొడుకు బిల్లీ, అమెరికా రాయబారి కూతురు క్యాథ్లీన్ కెనడీని ప్రేమించాడు. ఈ ఇల్లు ప్రొటెస్టెంట్, ఆ ఇల్లు క్యాథలిక్. ఆమె తల్లి ససేమిరా అంది. 1944 మే నెలలో లండన్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లయింది. కెనడీల తరఫున వచ్చింది అన్న జో ఒక్కడే. ఆగస్టులో జో యుద్ధ విమానంలో పోయాడు. సెప్టెంబరులో బిల్లీ బెల్జియంలో తూటాకు బలయ్యాడు. కొత్త దంపతులు కలిసి ఉన్నది అయిదు వారాలు. 1948లో క్యాథ్లీన్ కూడా విమాన ప్రమాదంలో పోయింది. చాట్స్‌వర్త్ పక్క ఊరు ఎడెన్సర్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. 1963 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ హెలికాప్టర్‌లో దిగి చెల్లెలి సమాధి చూసి వెళ్లాడు. మరి అయిదు నెలలకు ఆయనా లేడు.

అలా బిరుదు అనుకోకుండా రెండోవాడు ఆండ్రూ వైపు తిరిగింది. 1941లో అతణ్ని చేసుకున్న డెబొరా మిట్‌ఫర్డ్‌కు తాను డచెస్ అవుతానన్న ఊహే లేదు. ఆరుగురు అక్కచెల్లెళ్లలో ఆఖరిది. ఒకక్క నవలలు రాసేది. ఒకక్క హిట్లర్ చుట్టూ తిరిగింది. ఇంకో అక్క బ్రిటిష్ ఫాసిస్టు నాయకుడి భార్య. మరో అక్క అమెరికా పోయి కమ్యూనిస్టయింది. వాళ్ల నడుమ ఈమె కోళ్లు పెంచుకునే పిల్ల.

1950 నాటి పన్ను దెబ్బకు వేల ఎకరాలు అమ్మారు. బెస్ కట్టించిన హార్డ్‌విక్ హాల్‌ను పన్ను కింద వదులుకున్నారు. హోల్బైన్ చేత్తో గీసిన ఎనిమిదో హెన్రీ బొమ్మ, క్లాడ్ చిత్రాల పుస్తకం, వెయ్యేళ్లనాటి ప్రార్థన గ్రంథం, గ్రీకు కంచు శిరస్సు... ఒక్కొక్కటే ప్రభుత్వ మ్యూజియాలకు చేరాయి. యుద్ధంలో ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు నడిచిన చాట్స్‌వర్త్ ఖాళీగా పడి ఉంది. ఇలాంటి ఇళ్లను ఆ రోజుల్లో వందల సంఖ్యలో కూలగొట్టారు. ఆండ్రూ, డెబొరా మాత్రం బాగుచేయించుకుని 1959లో అందులోనే కాపురం పెట్టారు.

డెబొరా ఆ ఇంటిని దుకాణంలా నడిపింది. దుకాణం అన్న మాట ఆమెను నొప్పించేది కాదు. 1977లో ఎస్టేటులో పండిన మాంసం, కూరగాయలు అమ్మే ఫామ్ షాపు తెరిచింది. గుడ్లూ, జామూ, టీగదీ, పొలం చూపించే పిల్లల కార్యక్రమం... దొరసాని కౌంటర్ దగ్గర నిలబడి ఏది అమ్ముడుపోతోందో చూసేది. చాట్స్‌వర్త్ మీద పుస్తకాలు రాసి వాటినీ అక్కడే అమ్మింది. 2014లో, 94 ఏళ్ల వయసులో పోయింది.

1981లో ఇంటినీ తోటనూ 99 ఏళ్ల లీజు మీద ఒక ధర్మ ట్రస్టుకు అప్పగించారు. దాని మూలధనం కోసం పూసాన్ చిత్రంతోపాటు మరికొన్ని కళాఖండాలు అమ్మారు. డ్యూక్ కుటుంబం ఇప్పుడు ఆ ఇంట్లో తామున్న గదులకు ట్రస్టుకే అద్దె కడుతుంది. తరాల నుంచి ఇంట్లో పడి ఉన్న సామాను 2010లో పందిరి వేసి వేలం పెట్టారు. 2012లో రఫేల్ గీసిన ఒక తల బొమ్మ 2.97 కోట్ల పౌండ్లు పలికింది. 2018లో ముగిసిన మరమ్మతులకు 3.2 కోట్ల పౌండ్లకు పైనే ఖర్చయింది. నల్లబడ్డ రాయి కడిగించి, కిటికీ చట్రాలకు బంగారు రేకు అంటించారు. 2005 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' సినిమాలో కథానాయకుడు డార్సీ ఇల్లుగా కనిపించింది ఇదే. ఆ సినిమా చూసి టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్లు కప్పు మరమ్మతుకు ఎంతో కొంత ఇచ్చి వెళుతున్నారు.

ఇప్పటి డ్యూక్ పెరిగ్రీన్ కావెండిష్, పన్నెండోవాడు. 2004లో బిరుదు వచ్చింది. అప్పటికే 1999 చట్టం వల్ల లార్డుల సభ తలుపు మూసుకుపోయింది కాబట్టి ఆయన ఒక్కరోజు కూడా అందులో కూర్చోలేదు. వంశపారంపర్య ప్రభువుల్ని సభ నుంచి పూర్తిగా తీసేస్తే, జనం మనసులో మాట తేలినట్టే కాబట్టి తానూ బిరుదు వదిలేస్తానని 2010లో ఆయన అన్నాడు. చట్టంలో ఓ చిక్కుంది. వారసత్వంగా వచ్చిన బిరుదును వదులుకోవచ్చని 1963లో చేసిన చట్టం, అది చేతికొచ్చిన పన్నెండు నెలల లోపే ఆ పని చేయాలంటుంది. ఆయన గడువు 2005లోనే దాటిపోయింది. కాగితాల మీద పేరు వాడకుండా ఉండొచ్చు తప్ప, డ్యూక్ కాకుండా ఉండటం ఇక ఆయన చేతిలో లేదు.